కడిగిన దిబ్బ

కనకవ్వ చెక్కపళ్ళాన్ని నీళ్ళలో ముంచి, మణికట్లతో ఒక చుట్టు తిప్పి, అంచు కొద్దిగా వంచింది. పైనున్న తెల్ల ఇసుక పలచగా జారి గోదావరిలో కలిసింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ తిప్పింది. ఇసుక తగ్గినకొద్దీ ఆమె చేతులు నెమ్మదించాయి. చివరికి పళ్ళెం అడుగున నల్ల ఇసుక మాత్రమే మిగిలింది. దాన్ని ఎండ వైపు తిప్పి చూసింది. ఒక అంచున బంగారు రంగు మెరిసింది. తడివేలి కొసతో ఆ రవ్వను అద్ది, నడుముకు వేలాడే నెమలీక గొట్టంలోకి రాల్చి, మైనంతో మూతి మూసింది.

భర్త అంకయ్య మోకాటిలోతు గుంతలో నిలబడి, పెద్ద రాళ్ళ కింది మొరాన్ని గడ్డపారతో కదిలించి తట్టకెత్తుతున్నాడు. ఇసుక తవ్వే మిషన్ చప్పుడు ముందు విన్నది అతడే. నడుము నిటారు చేసి ఒడ్డు వైపు చూశాడు.

“ఏమే, అది మన దిబ్బ దిక్కే వస్తున్నది.”

చలికాలం నుంచి కింది మలుపు దగ్గర ఇసుక క్వారీ నడుస్తున్నది. లారీలు అక్కడే నింపుకుని మంథని రోడ్డెక్కి కరీంనగర్ పోతున్నాయి. మలుపు దాటి మిషన్ ఎప్పుడూ పైకి రాలేదు.

ఇద్దరూ తడికాళ్ళతో ఒడ్డెక్కేసరికి, ఏటి ఇసుక కడిగి బంగారు రవ్వ తీసే జలగడుగుల వాడంతా దిబ్బ ముందు నిలబడి ఉంది. దిబ్బ వాడ కంటే ఎత్తు. అది ఏరు మేట వేసిన ఇసుక కాదు. వాడలోని వాళ్ళ తాతలు, ఆ తాతల తాతలు రవ్వ తీసుకున్నాక తట్టలతో మోసుకొచ్చి పోసిన ఇసుక. కడిగి కడిగి ఉప్పులా తెల్లబడింది. దాని మీద గడ్డి కూడా మొలవదు. వాడలో పోయినవాళ్ళందరినీ అందులోనే పూడ్చారు.

క్వారీ గుమాస్తా ఓంప్రకాశ్ ఒక పిడికెడు ఇసుక తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు. అరచేయి చూసుకున్నాడు. మట్టి మరక లేదు.

“గోదారి పొడుగూత ఎతికినా గిసొంటి ఇసుక దొరకది. జల్లెడ పట్టినట్టున్నది. ప్లాస్టరింగోళ్ళు కండ్లకద్దుకుంటరు,” అన్నాడు వెనకనున్న హమాలీలతో.

అంకయ్య అన్న సాంబయ్య ముందుకు వచ్చాడు. వాడలో పెద్దవాడు. “కడిగినం కాబట్టి గట్లున్నది సారు. కింద మా మనుషులు పండుకున్నరు. మలుపు కాడ ఇసుకకు కరువా? జర అటే తవ్వుకోండ్రి.”

“పండుకున్నోళ్ళను లేవుమను. పొద్దెక్కింది గదా.”

హమాలీలు కొందరు నవ్వారు. ఓంప్రకాశ్ చేయి ఊపగానే మిషన్ బకెట్ పైకి లేచింది. అంకయ్య దాని ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఓంప్రకాశ్ చేతిలో నల్ల పైపు ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది, లారీవాళ్ళను అదిలించడానికి. దానితో అంకయ్య మెడ మీద కొట్టాడు. అంకయ్య కదల్లేదు. రెండో దెబ్బ చెవి మీద పడింది. మూడో దెబ్బకు మోకాళ్ళ మీద కూలాడు. పడ్డవాణ్ణి బూటుకాలితో డొక్కలో తన్నాడు. తన్నేటప్పుడు అతని ముఖంలో కోపం లేదు. దారికి అడ్డంగా ఉన్న రాయిని జరుపుతున్నట్టు తన్నాడు.

కనకవ్వ భర్త మీద అడ్డంగా పడింది. ఓంప్రకాశ్ ఆమె చంకలోని చెక్కపళ్ళాన్ని లాగి మిషన్ చక్రాల గొలుసు కిందికి విసిరాడు. గొలుసు ఒక్క అడుగు కదిలింది. ఆమె అత్త చేతుల్లో, అంతకుముందు ఆ అత్త అత్త చేతుల్లో తిరిగిన పళ్ళెం ఎండుకొమ్మలా పటపట విరిగింది.

ఆ చప్పుడుకు కనకవ్వ లేచి నిలబడింది.

“ఆగుండ్రి. మీకు తెల్వదు, చెప్తా ఇనుండ్రి. గీ దిబ్బల పండుకున్నోళ్ళను ఊకెనే పండవెట్టలే. ఒక్కొక్కలి నోట్ల బంగారం పెట్టి పండవెట్టినం. ఇసుకలకెంచి తీసుకున్నోళ్ళం, ఇసుకకు మళ్ళ ఇచ్చినం. నా బిడ్డ భవ్యశ్రీ గా పడమటి మూలకున్నది. నా చేతులతోనే దాని నాలిక కింద పెట్టిన. గసొంటి జాగల మిషన్ పెడ్తరా?”

మిషన్ నడిపే శ్రావణ్ ఇంజన్ ఆపేశాడు. నస్పూర్ పిల్లవాడు, బొగ్గుబాయి కార్మికుని కొడుకు. “సార్, బొందలున్నయంటున్నరు,” అన్నాడు. ఓంప్రకాశ్ దిబ్బను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, పైపు ముక్కను చంకలో పెట్టుకున్నాడు.

“సరే, ఇయ్యాలకు ఆపు.”

తన మాట వాళ్ళ మనసుకు తాకిందనుకుంది కనకవ్వ. అంకయ్యను లేపి భుజం ఇచ్చి నడిపిస్తుంటే, తలకు తువ్వాల చుట్టుకున్న పొడుగాటి హమాలీ ఒకడు వెంట వచ్చాడు. సిరిసిల్లలో మగ్గాలు నడిపి, కూలి గిట్టక క్వారీకొచ్చిన రాజేశం. తన నీళ్ళ సీసా అంకయ్యకు అందించాడు. అంకయ్య పుక్కిలించి ఉమ్మితే నీళ్ళు ఎర్రగా పడ్డాయి.

“అందరి నోట్ల పెడ్తరా అవ్వా?” అని అడిగాడు రాజేశం.

“అందరికీ. ఎవలిది వాళ్ళకే. చిన్నప్పుడు మొదటి ఎండకాలం కడిగిన రవ్వను కరిగించి గింజ చేస్తం. నోటిగింజ అంటం. దాన్ని అమ్మం, తాకట్టు పెట్టం. పోయినప్పుడు నోట్ల పెడ్తం.” మైనం చుట్టి తన మెడదండకు కట్టుకున్న గింజను కూడా తీసి చూపించింది. “గిదే. జొన్నగింజంత గూడ ఉండది.”

అతను వంగి చూశాడు. తల ఊపి, సీసా తీసుకుని వెళ్ళిపోయాడు. మంచి పిల్లగాడు అనుకుంది కనకవ్వ.

*

మరుసటి పొద్దున కుక్కలు మొరుగుతుంటే వాడ లేచింది. దిబ్బ తూర్పు కొస నిండా గుంతలు. హమాలీలు పారలు పట్టుకుని నడుముల్లోతు దిగి ఉన్నారు. తవ్విపోసిన ఇసుకలో బట్టపీలికలు, ఎముకలు. ఒకడు పుర్రెను మోకాళ్ళ మధ్య పెట్టుకుని, దవడ ఊడదీసి, లోపలి ఇసుకను తువ్వాల మీద దులుపుతున్నాడు. పని తెలియని చేతులు. ఇసుకను ఊదుతున్నాడు. ఊదితే రవ్వ ఎగిరిపోతుందని కూడా అతనికి తెలియదు.

ఓంప్రకాశ్ దూరంగా మోటర్ సైకిల్ మీద కూర్చుని ఛాయ్ తాగుతున్నాడు. తవ్వమని చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు. ఎముకలు వాళ్ళంతట వాళ్ళే ఏరిపడేస్తే మిషన్‌కు దారి సాఫవుతుంది.

అంకయ్య గడ్డపార అందుకున్నాడు. వాడలోని మగవాళ్ళు దొరికినది దొరికినట్టు పట్టుకుని గుంతల మీద పడ్డారు. హమాలీలు పారలతో తిరగబడ్డారు. పార అంచు ఒకని నొసట దిగింది. ఇంకొకని వేళ్ళు గడ్డపార కింద నలిగాయి. సాంబయ్య ఎవరినీ కొట్టలేదు. గుంతలోకి దిగి పుర్రెను రొమ్ముకు హత్తుకుని కూర్చున్నాడు. పార కర్ర అతని మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు పక్కవాళ్ళకు కూడా వినిపించింది. అయినా పుర్రెను వదల్లేదు.

కొట్లాట ఎంతసేపు జరిగిందో ఎవరికీ తెలియదు. శ్రావణ్ మిషన్ హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఆ మోతకు మాటలు వినిపించక, తిట్లు వినిపించక, మనుషులు ఒక్కొక్కరే చేతులు దించారు. హమాలీలు మలుపు వైపు పోయారు. పోతూ ఒకడు, “ఒక్క గింజకు గింత లొల్లా? చీమతలకాయంత గూడ లేదు,” అని ఉమ్మాడు.

ఆడవాళ్ళు ఎముకలు ఏరడం మొదలుపెట్టారు. ఏది ఎవరిదో తెలిసే దారి లేదు. కనకవ్వ కొంగు పరిచి, చిన్నవి ఒక దిక్కు, పెద్దవి ఒక దిక్కు పెడుతున్నది. అంకయ్య వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. అతని చెవి వాచి నల్లబడింది.

“నువ్వు చెప్పవట్టే గదనే తవ్విండ్రు. బంగారమున్నదని దండోరా ఏసినట్టు చెప్తివి.”

“నేను గట్ల చెప్పలే. జాగ గసొంటిదని...”

అతను ఆమె చెంప మీద కొట్టాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ కొట్టలేదు. ఆమె పక్కకు ఒరిగి, చేతిలోని ఎముక కింద పడకుండా పట్టుకుంది. ఏడవలేదు. అతను అన్నది నిజమేననిపించింది.

“అంకా,” అన్నాడు సాంబయ్య. విరిగిన చేతికి ఎవరో వెదురుబద్ద పెట్టి చీరపేలిక చుట్టారు. అతని ఒడిలోని పుర్రెకు దవడ ఇంకా ఊడలేదు. లోపల పళ్ళ వెనక గింజ సన్నగా కనిపిస్తున్నది. “గింజ నోట్ల ఉన్నోళ్ళ ముందల చెయ్యి లేపుతవా?”

అంకయ్య తల దించుకున్నాడు.

“గీన మన పెదనాయిన. బొంద జాగను బట్టి గుర్తువట్టిన. గీనకూ మన నాయినకూ ఏటికాడ వాటాలు పంచుకున్నప్పుడు పగ. ఇరువై ఏండ్లు మాటల్లేవు. ఒకరింటి నిప్పు ఒకరింటికి పోలే. గీన పోయిన దినం నోట్ల గింజ వడంగనే మన నాయిన చెప్పులిడిసి వచ్చి భుజమిచ్చిండు. గింజ నోట్ల వడ్డంక పగోడు ఉండడు. కొట్టొద్దు, తిట్టొద్దు. నలుగురు ఎత్తుకోవాలె. గా ఒక్కటి తప్పితే మనం గీ దిబ్బ మీద ఉండుడెందుకు?”

కాసేపటికి అంకయ్య ఒక కుండతో నీళ్ళు తెచ్చి కనకవ్వ పక్కన పెట్టాడు. చెంప కడుక్కోమని చెప్పలేదు. కుండ మాత్రం ఆమె చేతికి అందేంత దగ్గరగా జరిపాడు.

ఠాణకు ఇద్దరు ముగ్గురు పోయి వచ్చారు. పోలీసులు వస్తామన్నారట. “వాళ్ళొచ్చేటాల్లకు దిబ్బ కరీంనగర్ల గోడలకెక్కుతది,” అన్నారు ఆడవాళ్ళు. పడమటి మూల మాత్రం ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. రెండేళ్ళ కింద వానల్లో డెంగీ జ్వరంతో పోయిన భవ్యశ్రీ అక్కడున్నది. తొమ్మిదేళ్ళప్పుడు తన గింజను తానే కడిగి, అది చల్లారీ చల్లారకముందే పంటితో కొరికి చూసిన పిల్ల. బంగారం మెత్తన అని అందరూ అంటుంటే నిజమేనా అని కొరికింది. గింజ మీద రెండు పళ్ళ గాట్లు పడ్డాయి. వాడలో ఎవరి గింజకూ అట్లాంటి గుర్తు లేదు.

ఆ మూలను కాపాడితే చాలని కనకవ్వ మనసులో అనుకున్నది. తన వల్ల అన్నీ పోయినా, అదొక్కటి.

*

మూడో రోజు ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు మిషన్ తూర్పు కొసలో మొదటి బకెట్ ఎత్తింది. వాడంతా అటు ఉరికింది. కనకవ్వ కూడా ఉరికింది. ఓంప్రకాశ్ ఈసారి మలుపు నుంచి కర్రలతో పదిమందిని తెచ్చాడు. రాళ్ళు లేచాయి. శ్రావణ్ ముందున్న అద్దం పగిలింది. బకెట్ ఇసుకతో పాటు గాలిలో ఆగింది. అంచుల నుంచి ఇసుక తెల్లటి ధారగా కారుతుంటే, ఆ ధారలో ఒక పక్కటెముక జారి కింద పడింది.

అప్పుడే పడమటి దిక్కు నుంచి ఎవరో కేక వేశారు.

కనకవ్వ వచ్చేసరికి కూతురి బొంద తెరిచి ఉంది. ఎర్ర రిబ్బన్ ఇసుక మీద పడి ఉంది. ఆ పక్కనే రాజేశం. వాడలోని మగవాళ్ళు చుట్టూ చేరి తంతున్నారు. అతను చేతులతో తల కప్పుకుని ముడుచుకున్నాడు. తలకు చుట్టిన తువ్వాల విడిపోయి మెడకు చుట్టుకుంది. దాన్ని పట్టుకునే ఒకడు ఈడుస్తున్నాడు.

“గింజ ఏడ వెట్టినవ్ రా?”

రాజేశం తల అడ్డంగా ఊపాడు. చొక్కా చింపి వెతికారు. నడుము వెతికారు, చెప్పులు వెతికారు. దొరకలేదు. ఒకడు కడుపులో తన్నాడు. రాజేశం ముక్కులోంచి రక్తం గడ్డం మీదికి కారింది. అయినా కేక వేయలేదు. పెదవులు బిగించి, గొంతులోనే మూలిగాడు.

“నీళ్ళిచ్చినోడివి,” అన్నాడు అంకయ్య. “నాకు నీళ్ళిచ్చి నా బిడ్డ నోరు తవ్వినవ్.” గడ్డపారను రెండు చేతులతో పట్టుకున్నాడు. రాతి కింది మొరం కదిలించేటప్పుడు పట్టుకున్నట్టే, కొస కిందికి. అందరూ ఒక అడుగు వెనక్కి జరిగారు.

కనకవ్వ రాజేశం పెదవులనే చూస్తున్నది. ఇంత దెబ్బ తిన్న మనిషి నోరు తెరవకుండా ఎట్లా ఉంటాడు? వెళ్ళి అతని తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

“జరుగు,” అన్నాడు అంకయ్య.

ఆమె బొటనవేలు, చూపుడువేలు అతని దవడలకు రెండు పక్కలా ఆనించి మెల్లగా నొక్కింది. బిగుసుకున్న దవడలు ఎక్కడ నొక్కితే తెరుచుకుంటాయో ఆ వేళ్ళకు తెలుసు. రాజేశం కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. దవడలు వదులయ్యాయి. నోటి నిండా రక్తం. నాలుక పైకి లేపాడు. నాలుక కింద, ఆమె ఏ చోట పెట్టిందో అదే చోట, గింజ. రక్తంలో కూడా దాని మీది రెండు పళ్ళ గాట్లు కనిపించాయి.

“ఉన్నదా?” అని అడిగారెవరో. “తీస్కో వదినే. తీస్కోని పక్కకు రా.”

ఆమె వేలు గింజ దాకా పోయింది. గోటికి తగిలింది. అది తన బిడ్డ గింజ. తీసుకుంటే బిడ్డ నోరు నిండుతుంది. ఆ వెంటనే గడ్డపార దిగుతుంది. తల ఎత్తకుండానే భర్త కాళ్ళు చూసింది. మడమలు ఇసుకలో గట్టిగా ఊనుకుని ఉన్నాయి.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. అరచేతిని రాజేశం గడ్డం కింద పెట్టి నోరు మూసింది.

“గింజ నోట్ల ఉన్నది,” అంది. “నలుగురు రాండ్రి.”

ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమై ఎవరూ కదల్లేదు.

“పిచ్చిలేసిందా? అది మన పిల్లది,” అన్నాడు అంకయ్య.

“పిల్లదే. గిప్పుడు గీని నోట్ల ఉన్నది.”

“దొంగతనంగ పెట్టుకున్నడే. గీడు బతికున్నోడు.”

“బతికున్నోన్ని కొట్టొచ్చని మీ అన్న చెప్పిండా?”

సాంబయ్య గుంపును తోసుకుని ముందుకు వచ్చాడు. కట్టుకట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, రాజేశం ముఖం లోకి చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచాడు.

“నా చెయ్యి పనికిరాది. భుజం పనికొస్తది,” అని రాజేశం తల దిక్కున వంగాడు. ఇందాక తువ్వాల పట్టి ఈడ్చినవాడు కాసేపు అటూ ఇటూ చూసి, ఒక కాలి దిక్కుకు వచ్చాడు. ఇంకొకడు వచ్చాడు. ఒక మూల ఖాళీగా ఉంది. ఎవరూ అంకయ్య వైపు చూడలేదు. అందరూ అతని కోసమే ఆగారు.

గడ్డపార ఇసుకలో పడింది. అంకయ్య వచ్చి నాలుగో భుజం పెట్టాడు. ఎత్తేటప్పుడు అతని నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. అది ఏడుపో, బరువుకు వచ్చిన మూలుగో కనకవ్వకు తెలియలేదు.

రాజేశాన్ని దిబ్బ మీదుగా, మిషన్ ముందు నుంచి మోసుకెళ్ళారు. కర్రలు పట్టుకున్న హమాలీలు తమవాణ్ణి శవంలా భుజాల మీద తేవడం చూసి గట్టిగా అరిచారు. దగ్గరకు వచ్చాక అతని కళ్ళు తెరిచి ఉండడం, పక్కన నడుస్తున్న కనకవ్వ చేయి అతని గడ్డం కిందుండడం చూశారు. ఆగిపోయారు. దారి ఇచ్చారు.

“ఏందిరా చూస్తుండ్రు? మిషన్ నడుపు బే,” అన్నాడు ఓంప్రకాశ్.

శ్రావణ్ బకెట్‌ను మెల్లగా దించి, ఎత్తిన ఇసుకను ఎత్తిన చోటనే పోశాడు. ఇంజన్ ఆపి కిందికి దిగాడు. ఓంప్రకాశ్ పైపుతో అతని వీపు మీద కొట్టాడు. శ్రావణ్ ఆ దెబ్బను మోసుకునే బొంద వైపు నడిచాడు.

*

మంథని దవాఖాన అరుగు మీద రాజేశాన్ని దింపినప్పుడు, ఆటోలో అంత దూరం వచ్చినా అతని నోరు మూసే ఉంది. నర్సమ్మ వచ్చి నోరు తెరవమంది. అతను తల ఊపి, కనకవ్వ కోసం కళ్ళతో వెతికాడు. ఆమె దోసిలి పట్టింది. అతను ముందుకు వంగి, రక్తంతో పాటు గింజను ఆమె దోసిట్లో వదిలాడు.

“అవ్వా, నేను మింగలే,” అన్నాడు. మాటలు పళ్ళ సందుల నుంచి గాలితో కలిసి వచ్చాయి. “గంత కొట్టినా మింగలే.”

“తెలుసు బిడ్డా.”

అతను ఇంకా ఏదో అనబోయాడు. నర్సమ్మ దూది పెట్టి నోరు మూసింది.

అంకయ్య నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. రక్తం పోయినా కడుగుతూనే ఉన్నాడు. కనకవ్వ నల్లా కట్టేసి, కొంగుతో అతని చేతులు తుడిచింది.

“పా. పిల్ల నోరు తెరిచే ఉన్నది,” అంది.

వాళ్ళు వచ్చేసరికి ఇంకా పొద్దు ఉంది. తెరిచిన బొంద మీద ఒక చొక్కా పరిచి ఉంది. శ్రావణ్ బనీనుతో పక్కన కూర్చుని, కొమ్మతో కుక్కలను తోలుతున్నాడు. వీపు మీద పైపు వాత బనీను దాటి మెడ దాకా కనిపిస్తున్నది.

“నేను ముట్టుకోలే అవ్వా. ఊకె కప్పిన,” అన్నాడు.

కనకవ్వ చొక్కా తీసి మడతపెట్టి అతనికిచ్చింది. గింజను ఏటి నీళ్ళతో కడిగి, ఉండాల్సిన చోట పెట్టి, దవడను కలిపి, రిబ్బన్‌ను తల దగ్గర చేర్చింది. అంకయ్య పార ముట్టుకోలేదు. చేతులతోనే ఇసుక తోశాడు.

“నన్ను పనిలకెంచి తీసేసిండ్రు. పొద్దుగాల ఇంకో ఆపరేటర్ వస్తడు. మనుషులను గూడ ఎక్కువనే తెస్తరట,” అన్నాడు శ్రావణ్. “కర్రలు, గడ్డపారలు తయారు పెట్టుకుంటరా?”

అంకయ్య గడ్డపార వైపు చూశాడు. అది పడ్డ చోటనే, సగం ఇసుకలో కూరుకుని ఉంది. దాన్ని తీయలేదు. మొలతాడుకు కట్టుకున్న మైనపు ఉండను వేళ్ళతో తడుముకున్నాడు.

“వద్దు,” అన్నాడు. “గింజలున్నయి.”

తెల్లవారి వాడంతా దిబ్బ మీద కూర్చుంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, విరిగిన చేతితో సాంబయ్య, నొసట కట్టుతో ఒకడు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. మైనం వలిచి ఎవరి గింజను వాళ్ళు నాలుక కింద పెట్టుకున్నారు. బతికుండగా ఎవరూ చేయని పని. ఆ తర్వాత ఒక్క మాట లేదు.

ఓంప్రకాశ్ వచ్చాడు. వెనక కొత్త మిషన్, కర్రలతో మనుషులు. దిగమన్నాడు. ఎవరూ లేవలేదు. తిట్టాడు. అమ్మను తిట్టాడు, ఆలిని తిట్టాడు. ముందు వరుసలో ఉన్న అంకయ్యను పైపుతో కొట్టాడు. అంకయ్య ఊగి, మళ్ళీ నిటారుగా కూర్చున్నాడు. పెదవులు విడలేదు.

“నోర్లు పడిపోయినయారా?” అన్నాడు ఓంప్రకాశ్, ఇంకో దెబ్బకు చేయి లేపి.

“నోట్లల్ల గింజలు పెట్టుకున్నరు సార్,” అన్నాడు వెనక నుంచి ఒక హమాలీ. నిన్న రాజేశాన్ని మోసుకెళ్ళినప్పుడు దారి ఇచ్చినవాళ్ళలో ఒకడు. కర్రను నేల మీద పెట్టాడు. కొంచెం సిగ్గుపడుతున్నట్టు చూసి, దిబ్బ అంచున, వాళ్ళకు కాస్త ఎడంగా కూర్చున్నాడు.

మిషన్ గొలుసులు కదిలాయి. నేల అదిరి కనకవ్వ కింది ఇసుక సన్నగా జారింది. ఆమె కళ్ళు మూసుకోలేదు. భవ్యశ్రీ నోట్లో పెట్టినప్పుడు గింజ ఎంత సేపటికీ చల్లగానే ఉండింది. ఇప్పుడు తన నాలుక కింద అది మెల్లమెల్లగా వెచ్చబడుతున్నది.